వాచిన చేతి మీద, బోదకాలి మీద కొత్త మచ్చ కనబడితే ఏ పరీక్ష ముందు, ఏది తరువాత

"రొమ్ము ఆపరేషనై ఎనిమిదేళ్లయింది. అప్పట్నుంచీ చెయ్యి వాచే ఉంది. ఇప్పుడు మోచేతి పైన కమిలినట్టు నల్లమచ్చ లేచింది. ఎమ్మారై తీయించాలా, పెట్ స్కాన్ తీయించాలా?" తిరుపతి, చిత్తూరు వైపు నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. బోదకాలు ఉన్నవాళ్లూ కొంచెం అటూ ఇటూగా ఇదే అడుగుతున్నారు. వాచిన కాళ్లూ చేతులకు రోజూ కట్లు కట్టే పనిలో ఉన్నదాన్ని కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు మొత్తం వరుసగా రాస్తున్నాను.

ఇలాంటి మచ్చ అరుదుగా క్యాన్సర్ కావచ్చు, అందుకే జవాబు ముందే చెప్పేస్తాను. జబ్బు ఏదో తేల్చేది ముక్క పరీక్ష, అంటే మచ్చ నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూసే బయాప్సీ. అది ఎక్కడిదాకా పాకిందో చూపించేది స్కాన్. ఈ రెండింటినీ కలగలిపేసుకోవడం వల్లే చాలామంది నెలలకు నెలలు పోగొట్టుకుంటారు. "స్కాన్‌లో ఏమీ లేదన్నారు" అని ఇంట్లో కూర్చుంటారు, మచ్చ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

జబ్బు గురించి నాలుగు మాటలు చాలు. ఏళ్ల తరబడి లింఫ్ ద్రవం నిలిచిపోయిన చోట, అంటే లింఫెడీమా ఉన్న అవయవంలో, రోగనిరోధక శక్తి మందగిస్తుంది. అక్కడ అరుదుగా రక్తనాళాల, లింఫ్ నాళాల గోడల నుంచి ఆంజియోసార్కోమా అనే క్యాన్సర్ పుడుతుంది. 1948లో న్యూయార్క్‌లో స్టూవర్ట్, ట్రీవ్స్ అనే ఇద్దరు వైద్యులు రొమ్ము తీసేసిన తరువాత చెయ్యి వాచిన ఆరుగురిలో దీన్ని గుర్తించి రాశారు. అందుకే రిపోర్టుల్లో స్టూవర్ట్-ట్రీవ్స్ సిండ్రోమ్ అని కనబడుతుంది. సాధారణంగా వాపు మొదలైన పదేళ్ల ప్రాంతంలో వస్తుంది, ముందూ రావచ్చు, ఇంకా ఆలస్యంగానూ రావచ్చు. పుట్టుకతో వచ్చిన వాపులో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చికిత్స తరువాత వాచిన కాలిలో, ఫైలేరియా వల్ల వచ్చిన బోదకాలిలో కూడా చూశారు. మానని పుండ్ల మీద స్క్వేమస్ సెల్ కార్సినోమా, అరుదుగా కపోసీ సార్కోమా, ఇంకొన్ని చర్మ క్యాన్సర్లు కూడా ఇలాంటి కాళ్ల మీద లేస్తాయి. ఎక్కువమందికి ఇవేవీ రావు. రొమ్ము ఆపరేషన్ అయినవారిలో పాత లెక్కల్లో సైతం ఇది అర శాతం దాటలేదు. అందుకే డాక్టర్లకు కూడా ఇది వెంటనే స్ఫురించదు. గుర్తు చేయాల్సింది మీరే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ, రేడియేషన్ తీసుకుని ఉంటే ఏ సంవత్సరం, ఎక్కడికి ఇచ్చారన్న కాగితం. వాపు ఎప్పుడు మొదలైందో సుమారుగానైనా రాసుకున్న చీటీ. పాత స్కాన్ల ఫిల్ములు మాత్రమే కాదు, సీడీలు కూడా. ఈమధ్య తీసిన క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), షుగర్ రిపోర్టులు. వాడుతున్న మందుల పేర్లు, ముఖ్యంగా రక్తం పలచబరిచే మాత్రలు. ఒక చిన్న స్కేలు, బాల్‌పెన్ను, కెమెరా ఉన్న ఫోను. ఆధార్, రేషన్ కార్డు, పథకం కార్డు. ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఏ పరీక్షకు వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆ డెస్క్ దగ్గర ముందే కనుక్కోండి, డబ్బు కట్టాక కాదు.

1. మచ్చను పగటి వెలుతురులో చూడండి

కట్టు, సాక్సు విప్పి అవయవం మొత్తం చూడాలి. చంక కింద, మోచేతి మడత, కాలి వేళ్ల సందులు, పిక్క వెనక కూడా. వెనక వైపు చూడ్డానికి ఇంట్లో ఒకరు సాయం పట్టాలి.

పుస్తకాల్లో ఊదా రంగు, ఎర్రటి నీలం అని ఉంటుంది. మన చామనఛాయ చర్మం మీద, అందులోనూ బోద వల్ల ముదురుబారిన చర్మం మీద, అది నేరేడు రంగులోనో బొగ్గు నలుపులోనో ఉంటుంది. అంచు స్పష్టంగా ఉండదు. మొదట చదునుగా ఉండి తరువాత చిన్న బుడిపెలు లేస్తాయి. ఒకదాని పక్కన ఇంకొకటి పుట్టడం, తాకితే రక్తం కారడం, పుండు పడి నల్లటి పెచ్చు కట్టడం అనుమానించాల్సిన గుర్తులు. నొప్పి లేదని ధీమా పడకండి, మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు. ఏళ్లుగా ఒకే తీరున ఉన్న వాపు కారణం లేకుండా ఒక్కసారిగా పెరిగినా అదీ గుర్తే.

బోదకాలి మీద ముందునుంచీ ఉండే పులిపిరుల్లాంటి గరుకు బుడిపెలు, నీరు కారే చిన్న పొక్కులు వేరు. అవి క్యాన్సర్ కావు. కాకపోతే వాటి మధ్యలో ఒకటి రంగు మారినా, గట్టిపడినా, మానకపోయినా దాన్ని విడిగా చూపించాలి.

2. గీత గీసి, ఫొటో తీసి, తేదీ వేయండి

బాల్‌పెన్నుతో మచ్చ అంచు చుట్టూ గీయండి. స్కేలు పక్కన పెట్టి ఒక ఫొటో దగ్గరగా, ఒక ఫొటో అవయవం మొత్తం కనబడేలా దూరంగా తీయండి. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే అది చేతి మీదిదో కాలి మీదిదో తరువాత ఎవరికీ తెలియదు.

దెబ్బ వల్ల కమిలిన మచ్చ రంగు మారుతూ పోతుంది. నలుపు తగ్గి ఆకుపచ్చ, పసుపు ఛాయల్లోకి దిగి రెండు వారాల్లో దాదాపు మాసిపోతుంది. రెండు వారాలకీ అక్కడే ఉన్నా, గీత దాటినా, పక్కన రెండోది లేచినా ఇక ఆగొద్దు. బుడిపె లేచినా, రక్తం కారినా ఆ రెండు వారాలు కూడా ఆగక్కర్లేదు, మర్నాడే వెళ్లండి.

"యాడో తగిలుంటాదిలే" అన్న మాట నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా విని ఉండను. కొండకి నడిచెళ్లొచ్చాక కనిపించిందని మెట్ల మీద పెట్టేస్తారు, మామిడి కాయలు కోసేప్పుడు కొమ్మ గీసుకుందంటారు. నిజంగా తగిలే ఉండొచ్చు. తగిలినది తగ్గిందా లేదా అన్నదే మీరు చూడాల్సింది.

మచ్చను ఇలా గమనిస్తున్న రోజుల్లో చేయకూడనివి: ఆకు పసర్లు, సున్నం, నిప్పు చురకలు పెట్టడం, ఆముదంతో గట్టిగా మర్దనా. ఏమిటో తేలేవరకు ఆ అవయవానికి వాపు తగ్గడానికి వాడే గాలి పంపు మిషన్ కూడా ఆపండి. మామూలు కట్టు కొనసాగించవచ్చా అన్నది చూసిన డాక్టర్నే అడగండి.

3. ఇన్ఫెక్షన్ అనుకుంటే ఒక విడత మందు వరకే

వాచిన కాలికి చలిజ్వరం, ఎరుపు, గజ్జల్లో బిళ్ల కట్టడం మామూలే. అది సెల్యులైటిస్. యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. ఆంజియోసార్కోమా కూడా ఎర్రగా, వేడిగా ఉండి దాన్నే పోలవచ్చు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, జ్వరం తగ్గాక కూడా మచ్చ మిగిలే ఉంటుంది. ఒక పూర్తి విడత మందు వాడాక మచ్చ తగ్గలేదంటే మందు మార్చి రెండో విడత, మూడో విడత అని తిరగొద్దు. "ముక్క పరీక్ష చేద్దామా?" అని మీరే అడగండి. అలా అడిగితే డాక్టరు ఏమనుకుంటారోనని మొహమాటపడేవాళ్లు ఎక్కువ. ఏమీ అనుకోరు.

4. ఎవరి దగ్గరికి

చర్మ డాక్టరు లేదా క్యాన్సర్ సర్జన్. తిరుపతిలో రుయా, స్విమ్స్, అలిపిరి దగ్గరి టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ అంతకన్నా దగ్గర. ఎక్కడికెళ్లినా ఓపీ గదిలో మొదటి వాక్యం ఇలా ఉండాలి: "నాకు ఇన్నేళ్లుగా లింఫెడీమా ఉంది, అదే చోట కొత్తగా మచ్చ వచ్చింది, ఇన్ని వారాలైనా పోలేదు." రొమ్ము ఆపరేషన్ కథ మొదట్నుంచి చెప్పుకుంటూ పోతే అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి మీ వంతు అయిపోతుంది.

5. మొదటి స్కాన్: డాప్లర్ అల్ట్రాసౌండ్

సులువుగా దొరుకుతుంది, ఖర్చు తక్కువ. సిరల్లో రక్తం గడ్డకట్టిందా, చర్మం కింద గడ్డ ఉందా, ఆ గడ్డలోకి రక్తప్రవాహం ఉందా అన్నవి చెబుతుంది. అంతకు మించి ఆశించొద్దు. చదునుగా ఉన్న మచ్చ ఇందులో కనబడకపోవచ్చు. "డీవీటీ లేదు", అంటే సిరలో రక్తం గడ్డకట్టలేదు అన్న రిపోర్టు, క్యాన్సర్ లేదన్న రిపోర్టు కాదు.

ఇంకో మాట. లింఫోసింటిగ్రఫీ అని ఒకటుంది, లింఫ్ ద్రవం ఎలా పారుతోందో చూసేది. వాపుకు కారణం వెతకడానికి పనికొస్తుంది, మచ్చ ఏమిటో దానితో తేలదు.

6. ఎమ్మారై

కుదిరితే ముక్క తీయడానికి ముందే చేయించడం మంచిది. ముక్క తీశాక చేరే రక్తం, వాపు బొమ్మను గజిబిజి చేస్తాయి. అలాగని ఎమ్మారై అపాయింట్‌మెంట్ దూరంగా ఉంటే దానికోసం ముక్క పరీక్షను ఆపకండి.

ఎమ్మారైకి డాక్టరు రాసే చీటీలో మూడు సంగతులు ఉన్నాయో లేదో చూసుకోండి. అవయవం మొత్తం తీయాలి, మచ్చ ఉన్న జానెడు చోటు మాత్రమే కాదు, ఎందుకంటే ఈ జబ్బు ఒకేసారి పలుచోట్ల మొలుస్తుంది. గడ్డ బొమ్మలో తేటగా కనబడేలా సూదితో ఎక్కించే కాంట్రాస్ట్ మందుతో తీయాలి. వ్యాధి వివరం రాసి ఉండాలి.

వెళ్లేముందు మెట్టెలు, తాళి, ముక్కుపుడక, మొలతాడుకున్న వెండి తాయెత్తు తీసేయండి. అందరూ మరిచేది కట్టు చివర బిగించే చిన్న లోహపు క్లిప్పులు. కట్టు విప్పి, ఆ క్లిప్పులన్నీ లెక్కపెట్టి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. పేస్‌మేకర్, పాత ప్లేట్లు, స్క్రూలు ఉంటే ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉంటే క్రియాటినిన్ చూపించకుండా కాంట్రాస్ట్ ఎక్కించుకోవద్దు. సూది రెండో చేతికి వేయించుకోండి. వాచిన చేతికి సూది వద్దు, బీపీ పట్టీ కూడా వద్దు.

మచ్చ చదునుగా ఉంటే దాని మీద చేపనూనె క్యాప్సూల్ ఒకటి టేపుతో అతికించమని టెక్నీషియన్‌ను అడగండి. బొమ్మలో అది తెల్లగా వెలుగుతుంది, రేడియాలజిస్టు సరిగ్గా దాని కింద వెతుకుతారు. చాలా సెంటర్లలో చేసే పనే. పల్చగా ఆనించాలి, నొక్కకూడదు.

రిపోర్టు వచ్చాక: చర్మం మందంగా ఉంది, కొవ్వు పొరలో నీటి గీతల అల్లిక ఉంది, హనీకోంబ్ ప్యాటర్న్ అని ఉంటే అది లింఫెడీమా లక్షణం, కంగారు పడొద్దు. వాపు నీరు కాంట్రాస్ట్‌ను పెద్దగా పట్టదు. గడ్డ పడుతుంది. కాబట్టి "ఎన్‌హాన్సింగ్ నోడ్యూల్" (కాంట్రాస్ట్ పట్టిన గడ్డ) అన్న మాట ఉంటే అదే ముఖ్యం. కండర పొర దాటిందా, ఎముకను తాకిందా, ఇలాంటి గడ్డలు ఎన్ని ఉన్నాయి అన్నవి రాసి ఉండాలి. ఏమీ కనబడలేదని రాసినా చర్మం మీద మచ్చ ఉన్నంతకాలం ముక్క పరీక్ష తప్పదు. కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న చర్మపు మచ్చను ఎమ్మారై వదిలేయగలదు.

7. ముక్క పరీక్ష

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. వివరంగా చెప్తాను.

సూది పరీక్ష, అంటే ఎఫ్ఎన్ఏసీ, దీనికి చాలదు. సూదిలోకి రక్తం, నాలుగు విడి కణాలు వస్తాయి. నాళాల అల్లిక కనబడదు. "రక్తం మాత్రమే వచ్చింది" అన్న సూది రిపోర్టు పట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లను చూశాను. కావాల్సింది పంచ్ బయాప్సీ లేదా కోసి తీసే ముక్క. పంచ్ అయితే 4 నుంచి 6 మిల్లీమీటర్లు, కొవ్వు పొర వచ్చేదాకా లోతుగా. పైపైన గీకితే మందమెక్కిన చర్మం వస్తుంది తప్ప జబ్బు రాదు. పుండు మధ్యనుంచి తీస్తే చచ్చిన కణజాలం వస్తుంది, అందుకే అంచు నుంచి, లేకపోతే కొత్తగా లేచిన బుడిపె నుంచి తీయాలి. మచ్చలు రెండు మూడుంటే ఒక్కదానితో సరిపెట్టకుండా వేరువేరు చోట్ల తీస్తే మంచిది. కోత అవయవం నిలువు దిశలో ఉండాలి, అడ్డంగా కాదు. రేపు పెద్ద ఆపరేషన్ అవసరమైతే ఆ కోత గీతను కూడా కలిపి తీసేయాల్సి వస్తుంది. సర్జన్‌కు ఇవన్నీ తెలిసినవే. "ఆంజియోసార్కోమా అనుమానం" అన్న మాట చీటీ మీద ఉంటే ఆయనే ఆ జాగ్రత్తలు తీసుకుంటారు.

చిన్న నర్సింగ్ హోముల్లో ముక్క ఉన్న సీసాను మీ చేతికే ఇచ్చి ల్యాబ్‌కు పంపుతారు. అప్పుడు ఇవి చూసుకోండి. సీసాలో ఉన్నది 10 శాతం ఫార్మలిన్ కావాలి, సెలైన్ నీళ్లు కాదు, తడి గుడ్డలో చుట్టి ఇవ్వడం అసలే కాదు. ముక్క మునిగి, దానికి పదింతలు ద్రవం ఉండాలి. సీసా మీద పేరు, తేదీ, ఏ చోటు నుంచి తీశారో రాసి ఉండాలి. రెండు చోట్ల తీస్తే రెండు సీసాలు. ఎండలో బస్సు కిటికీ పక్కన పెట్టుకోకండి, మూత ఊడితే ముట్టుకోకండి.

ల్యాబ్‌కు పంపే చీటీలో ఇంకొకటి తప్పనిసరి: దీర్ఘకాల లింఫెడీమా, రొమ్ము ఆపరేషన్ అయిన సంవత్సరం, రేడియేషన్ ఇచ్చారా లేదా. ఇది లేకపోతే పాథాలజిస్టు చూసేది ఒట్టి రక్తనాళాల గుంపు. హీమాంజియోమా (క్యాన్సర్ కాని రక్తనాళాల గడ్డ) అనో, గ్రాన్యులేషన్ టిష్యూ (పుండు మానేటప్పుడు పెరిగే కండ) అనో రాసి పంపే అవకాశం ఉంది. ఆయన తప్పేమీ లేదు, మనం చెప్పలేదు.

ముక్క తీశాక ఆ చోట లింఫ్ ద్రవం కొన్నాళ్లు కారవచ్చు, ఇన్ఫెక్షన్ పట్టవచ్చు. డ్రెస్సింగ్ తడవనివ్వకండి, తడిస్తే మార్పించండి. జ్వరం వస్తే అదే రోజు చూపించండి.

8. పాథాలజీ రిపోర్టును ఇలా సరిచూడండి

మొదటి పేజీలో ముక్క ఎంత లోతు వచ్చింది, సరిపోయిందా లేదా చూడండి. "ఇన్‌అడిక్వేట్" అని ఉంటే అది నెగటివ్ కాదు, పరీక్ష జరగనట్టే.

తరువాత ఇమ్యునో రంగుల పరీక్ష, అంటే ఐహెచ్‌సీ. ఏ రకం కణాలో చెప్పే గుర్తులకు ఇందులో రంగు పట్టిస్తారు. ఆంజియోసార్కోమాలో సీడీ31, ఈఆర్‌జీ అనే గుర్తులు పాజిటివ్‌గా ఉంటాయి. సీడీ34, లింఫ్ నాళాలను పట్టే డీ2-40 కూడా తరచూ చూస్తారు. రొమ్ము క్యాన్సరే చర్మంలోకి తిరిగొచ్చిందేమో తోసిపుచ్చడానికి కెరటిన్, కపోసీ సార్కోమాను తోసిపుచ్చడానికి హెచ్‌హెచ్‌వీ-8 చూస్తారు. రేడియేషన్ వల్ల, లింఫెడీమా వల్ల వచ్చే రకంలో ఎంవైసీ జన్యువు కాపీలు పెరిగి ఉంటాయి. రేడియేషన్ తరువాత చర్మంలో వచ్చే నిరపాయకరమైన నాళాల మార్పుకూ దీనికీ తేడా చెప్పడానికి అది బాగా పనికొస్తుంది. ఇవన్నీ ప్రతి ల్యాబ్‌లోనూ ఉండవు. ఐహెచ్‌సీ లేకుండా "వాస్క్యులర్ లీజన్" (రక్తనాళాల మచ్చ) అని మాత్రమే వచ్చిందంటే పారాఫిన్ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు), స్లైడ్లు తీసుకుని పెద్ద ఆస్పత్రిలో రెండోసారి చదివించండి. అడిగితే రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇస్తారు. మళ్లీ ముక్క కోయించుకోవాల్సిన పని తరచూ తప్పుతుంది.

అన్నిటికీ మించి, చర్మం, స్కాన్, ముక్క మూడూ ఒకే మాట చెబుతున్నాయా? మచ్చ పెరుగుతోంది, ఎమ్మారైలో గడ్డ ఉంది, ముక్కలో మాత్రం ఏమీ లేదు అంటే ముక్క సరైన చోట నుంచి రాలేదని అనుమానించాలి. మళ్లీ తీయించాలి. ఇక్కడ "నెగటివ్ వచ్చింది కదా, దేవుడి దయ" అని సరిపెట్టుకోవడం చాలా ప్రమాదం.

9. క్యాన్సర్ అని తేలాకే పెట్-సీటీ, ఛాతీ సీటీ

ఆంజియోసార్కోమా త్వరగా ఊపిరితిత్తులకు పాకుతుంది. కాలేయం, ఎముకలకు కూడా. ఛాతీ సీటీ తప్పనిసరి. పెట్-సీటీ తీసినా ఊపిరి బిగబట్టి తీసే విడి ఛాతీ సీటీలో చిన్న మచ్చలు ఇంకా స్పష్టంగా తెలుస్తాయి.

పెట్-సీటీ అంటే చక్కెరలాంటి మందు సూదితో ఎక్కించి, దాన్ని ఎక్కువగా పీల్చుకున్న చోట్లు బొమ్మలో వెలిగేలా తీసే స్కాన్. దాని విషయంలో ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. మామూలుగా దాన్ని తల అడుగు భాగం నుంచి తొడ మధ్యవరకే తీస్తారు. మీ జబ్బు పిక్కలో ఉంటే ఆ బొమ్మలో అది ఉండనే ఉండదు! "అరికాళ్ల దాకా తీయండి" అని చీటీ మీద రాయించుకోండి. చెయ్యి అయితే చెయ్యి మొత్తం బొమ్మలో పడాలని చెప్పండి.

ముందు 6 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు, టీ కాఫీలు కావు. ముందురోజు నుంచే బరువు పనులు, నడకలు ఆపండి. కొండ దర్శనం పెట్టుకోకండి, అలసిన కండరాలు కూడా బొమ్మలో వెలుగుతాయి. షుగర్ 200 లోపు ఉండాలి. షుగర్ మందుల సంగతి సెంటర్ వాళ్లను ముందే అడగండి, సొంతంగా ఇన్సులిన్ వేసుకుని వెళ్లొద్దు. సూది వాపు లేని వైపు. సూది వేశాక సుమారు గంటసేపు కదలకుండా పడుకోవాలి. ఇంటికొచ్చాక ఆ పూటకు గర్భిణులకు, చంటిపిల్లలకు దూరంగా ఉండండి.

సెల్యులైటిస్ ఉన్న కాలు పెట్‌లో క్యాన్సర్ లాగే వెలుగుతుంది. ఈమధ్యే జ్వరం వచ్చి తగ్గితే ఆ తేదీ చెప్పండి. ముక్క తీసిన చోటు కూడా కొన్నాళ్లు వెలుగుతుంది, ఆ తేదీ కూడా చెప్పాలి. ముక్క పరీక్ష లేకుండా మొదటే పెట్ తీయించుకుంటే మిగిలేది ఈ గందరగోళమే. ఖర్చూ వృథా.

10. ఆ తరువాత

రిపోర్టులన్నీ పట్టుకుని క్యాన్సర్ సర్జన్, మెడికల్ ఆంకాలజిస్టు, రేడియాలజిస్టు కలిసి చూసే ట్యూమర్ బోర్డు ఉందా అని అడగండి. జబ్బు ఒకే చోట ఉంటే విశాలంగా కోసి తీయడం, కొన్నిసార్లు అవయవం తీసేయడం, ప్యాక్లిటాక్సెల్ లాంటి మందులు, రేడియేషన్, ఇవి ఉన్న దారులు. జబ్బు గట్టిది, ఆ మాట దాచను. మొదటి బుడిపె దగ్గరే పట్టుకున్నవాళ్లకు ఆపరేషన్‌కు వీలు ఎక్కువ ఉంటుంది.

ముక్క పరీక్షలో ఏమీ లేదని తేలినవాళ్లు, మూడూ సరిపోలితేనే, ఇంటికి వెళ్లవచ్చు. వాళ్లు కూడా వారానికొకసారి అవయవం మొత్తం చూసుకుని నెలకొక ఫొటో తీసి పెట్టుకోవాలి. ఎండాకాలంలో సాక్సు, కట్టు తీసి పారేసే అలవాటు మన ఊళ్లలో ఎక్కువ. ఉక్కపోతకు ఎవరినీ తప్పు పట్టలేం. తీసినప్పుడల్లా కనీసం చర్మం చూసుకోండి. స్కాన్ల సీడీలు, బ్లాకుల నంబరున్న కాగితం ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.